పిల్లల కడుపునొప్పి అన్నిసార్లూ పురుగుల వల్లేనా?



నేను డాక్టరును కాను, పిల్లలకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయుణ్ణి. ఈ వ్యాసం రాయడానికి కారణం మా బడిలో నాలుగో తరగతి చదివిన ఒక అమ్మాయి. నెలకు రెండు మూడుసార్లు పొట్ట పట్టుకుని బెంచీ మీద వంగి కూర్చునేది. బడి ఎగ్గొట్టడానికి వంకలు పెడుతోందని నేనే మందలించాను. వాళ్లమ్మను పిలిపిస్తే, "కడుపుల పురుగులున్నయని మందు పోసినం సారూ, మళ్ల గట్లనే అంటది" అంది. కొన్నాళ్లకు కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లని పసరు మందు వేయించారు. పచ్చదనం తగ్గింది, అందరం నిశ్చింతగా ఉన్నాం. నొప్పి మాత్రం తిరిగి వచ్చింది. చివరికి స్కానింగ్ చేస్తే పిత్తనాళం ఉబ్బి తిత్తిలా మారిందని తేలింది. ఆపరేషన్ అయింది, అల్లాహ్ దయవల్ల ఇప్పుడు బాగుంది. కానీ మొదటి నొప్పికీ మొదటి స్కానింగుకూ మధ్య ఏడాదిన్నర గడిచింది. ఆ ఆలస్యంలో నా వాటా కూడా ఉంది.

తిత్తి అంటే లోపల నీరో, ద్రవమో నిండిన సంచి. పిల్లల పొట్టలో ఇవి అరుదు. అరుదు కాబట్టే ఎవరికీ మొదట గుర్తుకు రావు. ముఖ్యమైనవి మూడింటిని చెబుతాను.

మొదటిది పిత్తనాళపు తిత్తి. లివర్‌లో తయారైన పైత్యరసం పేగులోకి చేరే గొట్టం పుట్టుకతోనే ఉబ్బి ఉంటుంది. ఆసియా దేశాల్లో ఎక్కువ. మగపిల్లల కంటే ఆడపిల్లల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. నొప్పి, కామెర్లు, కుడి పక్కటెముకల కింద గడ్డ దీని లక్షణాలు. అయితే ఎక్కువమంది పిల్లల్లో ఈ మూడూ ఒకేసారి కనిపించవు. కామెర్లు వచ్చి, వాటంతటవే తగ్గి, మళ్లీ వస్తాయి. పసరు మందుకు పేరు రావడం, అసలు జబ్బు మరుగున పడటం ఇందువల్లే. వదిలేస్తే లివర్ దెబ్బతింటుంది, పెద్దయ్యాక క్యాన్సర్ వచ్చే ముప్పు ఉంటుంది. అందుకే తిత్తిని పూర్తిగా తీసేసి, పైత్యరసం పేగులోకి వెళ్లడానికి కొత్త దారి కలుపుతారు.

రెండోది పేగులను పట్టి ఉంచే పొరలో పుట్టే తిత్తి. ఇటలీ వైద్యుడు బెనివియేని ఒక బాలుడి శవపరీక్షలో దీన్ని మొదట గుర్తించాడు. ఆస్పత్రుల్లో చేరే పిల్లల్లో సుమారు 20 వేల మందిలో ఒకరికి ఉంటుందని వైద్య గ్రంథాల అంచనా. నొప్పి లేకుండానే పొట్ట మెల్లగా పెరుగుతుంది. ఇంట్లోవాళ్లు పిల్లవాడు ఒళ్లు చేశాడనుకుంటారు, చూసినవాళ్లు కడుపులో నీరు చేరిందనుకుంటారు. ఒకరోజు ఉన్నట్టుండి పేగు మెలిపడితే ప్రాణం మీదికి వస్తుంది.

మూడోది హైడాటిడ్ తిత్తి. ఇది కుక్కల పేగుల్లో ఉండే చిన్న బద్దెపురుగు గుడ్ల వల్ల వస్తుంది. పొట్టలో ఎక్కువగా లివర్‌కు పడుతుంది, పిల్లల్లో ఊపిరితిత్తులకూ పడుతుంది. గొర్రె కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటి బుడగలుంటే వాటిని కుక్కలు తింటాయి. కుక్క మలం ద్వారా గుడ్లు మట్టిలోకి, అక్కడి నుంచి పిల్లల చేతులకు, నోటికి చేరతాయి. గొర్రెల పెంపకం ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో ఇది గుర్తుంచుకోవాలి. బక్రీద్ నాడు బుడగలున్న కాలేయాన్ని, ఊపిరితిత్తులను బయట పారేయకుండా లోతుగా గొయ్యి తీసి పూడ్చాలి. ఇది ఖర్చు లేని సేవ. ఈ తిత్తిలో సూది గుచ్చి చూద్దామనే తొందర కూడదు. లోపలి నీరు చిందితే తీవ్రమైన అలర్జీ రావచ్చు, కొత్త తిత్తులు పుట్టవచ్చు.

ఇక గుర్తించడం. మొదటి పరీక్ష అల్ట్రాసౌండ్ స్కానింగ్. శబ్ద తరంగాలతో చేస్తారు, రేడియేషన్ ఉండదు, సూది ఉండదు. గట్టి గడ్డ బూడిద రంగులో, నీరు నల్లగా కనిపిస్తుంది. నీరు పొట్టంతా పరుచుకుని ఉందా, గోడ ఉన్న సంచిలో ఉందా అన్నది చాలావరకు ఇక్కడే తేలుతుంది. పిత్తనాళం మీద అనుమానం ఉంటే ఎం.ఆర్.సి.పి. స్కాన్, రక్తంలో బిలిరుబిన్, అమైలేజ్ పరీక్షలు రాస్తారు.

ప్రతి కడుపునొప్పికీ స్కానింగ్ అక్కరలేదు. చాలా నొప్పులు మామూలువే. కానీ ఈ గుర్తులుంటే ఆగకూడదు: నిద్రలోంచి లేపే నొప్పి, బొడ్డు దగ్గర కాకుండా ఒకే పక్కన వచ్చే నొప్పి, ఆకుపచ్చ వాంతి, పచ్చని కళ్లు, సున్నంలా తెల్లని విరేచనం, బరువు తగ్గడం, పొట్ట పెరగడం, చేతికి గడ్డ తగలడం. వీటిలో కొన్నింటికి కిడ్నీ వాపు, క్యాన్సర్ గడ్డ వంటివీ కారణం కావచ్చు. అందుకే ఆలస్యం పనికిరాదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు బడులకు, అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. ఆ రోజు పిల్లల్ని బడి మాన్పించవద్దు. పెద్ద చికిత్సకు వరంగల్‌లో ఎం.జి.ఎం., హైదరాబాద్‌లో నీలోఫర్ ఉన్నాయి. తన పరిచారిక ప్రసవ సమయంలో వైద్యం అందక చనిపోతే చలించిన యువరాణి నీలోఫర్ పట్టుదలతో కట్టిన ఆస్పత్రి అది, 1953లో మొదలైంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలైంది.

మరి దాతల అవసరం ఎక్కడ? ఆపరేషన్‌కు దారి ఉంది. ఆపరేషన్ బల్ల దాకా చేరడానికే దారి లేదు. జనగామ, మహబూబాబాద్ వాళ్లకు రైలైనా ఉంది, భూపాలపల్లి నుంచి బస్సే దిక్కు. స్కానింగ్ కోసం ఒక రోజు, రిపోర్టు చూపించడానికి ఇంకో రోజు కూలి పోతుంది. తోడుండేవాళ్లకు తిండి, బస కావాలి. ఆ అమ్మాయి తల్లి స్కానింగును వాయిదా వేసింది నిర్లక్ష్యంతో కాదు, పత్తి ఏరే రోజుల్లో కూలి వదులుకోలేక.

అందుకే నా మనవి. జకాత్, సదఖా సొమ్ములో కొంత భాగాన్ని ఇలాంటి పిల్లల మొదటి స్కానింగుకు, దారి ఖర్చుకు కేటాయించండి. ప్రతి మొహల్లాలో, ప్రతి బడిలో పైన చెప్పిన గుర్తులు తెలిసిన మనిషి ఒక్కరైనా ఉండేలా చూడండి. నేను ఇప్పుడు కడుపునొప్పి అన్న పిల్లను మందలించడం లేదు. ఎక్కడ, ఎప్పటి నుంచి అని అడిగి నోటుబుక్కులో తారీఖు రాసుకుంటున్నాను. మూడోసారి రాయాల్సి వస్తే తల్లిదండ్రులను పిలిపిస్తున్నాను.

అల్లాహ్ మన పిల్లలందరికీ ఆరోగ్యాన్ని, మీ దానాలకు మంచి ప్రతిఫలాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.