మచ్చ పడగానే నీళ్లు పెట్టకండి

మే నెల వచ్చిందంటే నా ఫోన్ ఊరుకోదు. "లాన్ మాడిపోయిందండీ, రెండు పూటలా తడుపుతున్నా మచ్చలు పోవట్లేదు" అని అందరిదీ ఒకటే మాట. కోరుకొండ, రాజమండ్రి మధ్య ఇళ్లకు పచ్చిక పరిచి, ఏడాది పొడుగునా దాన్ని చూసుకోవడం నా పని. ఫోన్ చేసినవాళ్లకు ముందు చెప్పేది ఇదే: పైపు పక్కన పెట్టి, కాస్త వంగి మచ్చను చూడండి.

పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకుని పచ్చగా ఉన్నచోట ఒకసారి, మచ్చలో ఒకసారి గుచ్చండి. మచ్చలో దిగలేదంటే నీళ్లు లోపలికి ఇంకడం లేదు. కోరుకొండది మెట్ట, ఎర్రనేల. లాన్ చాపలేమో కడియం నర్సరీల నుంచి డెల్టా ఒండ్రుమట్టితో సహా వస్తాయి. ఈ ఎర్ర గ్రావెల్ మీద వాటిని అలాగే పరిచేస్తే వేళ్లు ఆ పలచటి మట్టి దాటి కిందికి పోవు. రోహిణి కార్తె ఎండకు ఆ మట్టి బిగుసుకుపోయి, పోసిన నీళ్లు పక్కకు జారిపోతాయి. సన్నటి చువ్వతో బెత్తెడు ఎడంగా పొడిచి, చివికిన పశువుల ఎరువు, ఇసుక కలిపి చల్లండి. నాలుగైదు అంగుళాల లోతు తడిసేదాకా తెల్లవారుజామున నిదానంగా నీళ్లు పెట్టండి. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్లు పైనే ఉండిపోతాయి. ఒక్కచోటే చువ్వ ఠంగుమంటే, ఇల్లు కట్టినప్పుడు పూడ్చిన ఇటుకముక్కలు అక్కడ ఉన్నట్టే.

నేల తడిగానే ఉండి మచ్చ గుండ్రంగా పాకుతోందంటే తెగులని అనుమానించాలి. రైజోక్టోనియా సొలాని అనే శిలీంధ్రం చేసే పని ఇది. వరికి పాముపొడ తెగులు తెచ్చేదీ ఈ జాతే కాబట్టి మా రైతులకు చెప్పక్కర్లేదు. సాయంత్రం పోసిన నీళ్లతో ఆకు రాత్రంతా తడిగా ఉండడం, పచ్చదనం కోసం యూరియా గుప్పించడం దానికి పండగ. రెండూ మానేసి, కోసిన గడ్డిని దూరంగా పారేయండి.

చిన్న మచ్చ చుట్టూ ముదురు పచ్చ అంచు కనిపిస్తే అది కుక్క పని. మూత్రంలోని నత్రజని మధ్యలో గడ్డిని మాడ్చి, అంచున ఎరువవుతుంది. కుక్క మూత్రం పోసిన వెంటనే ఆ చోట బకెట్ నీళ్లు పోస్తే చాలు. గడ్డి కింద మట్టి గూళ్లుంటే చెదపురుగు. గడ్డి పట్టి లాగితే చాపలా ఊడి వచ్చేది వేరుపురుగు తిన్నప్పుడు. దాని బెడద ఎక్కువగా తొలకరి తర్వాతే.

మిషన్‌తో గుండు గీసినట్టు కోసినా మచ్చలే. ఒక కోతలో ఎత్తులో మూడోవంతు మించి తీయకూడదు. బ్లేడు మొద్దుబారితే ఆకు కొన చీలి, ఎండిపోతుంది.

నా సలహా అడిగితే, మెట్టలో ఇల్లున్నవాళ్లు మెక్సికన్ గడ్డి కన్నా గరిక వేసుకోవడం మంచిది. ఎండకు పైన గోధుమరంగుకు తిరిగినా నేలలోని కాండాలు బతికే ఉంటాయి. వానలకు మళ్లీ చిగురిస్తాయి. బోరు అడుగంటే మే నెలలో లాన్ పచ్చగా లేకపోవడం నామోషీ ఏమీ కాదండీ. ఉన్న నీళ్లు మామిడిచెట్టు పాదుకు పెట్టండి.