కొత్త టీవీలో ఘటోత్కచుడు మరీ లావు!

పల్లెల్లోనూ ఇప్పుడు గోడకు తగిలించే వెడల్పు టీవీలు వచ్చాయి. వాటిలో 1957 నాటి 'మాయాబజార్' చూస్తే కొన్ని ఇళ్ళలో అసలే భారీ విగ్రహం గల ఎస్వీ రంగారావు మరింత లావుగానూ, సావిత్రి ముఖం పళ్ళెంలాగానూ, రథచక్రం కోడిగుడ్డులాగానూ కనిపిస్తున్నాయి. లోపం సినిమాలో లేదు, టీవీలోనూ లేదు. ఉన్నదల్లా కొలతల తేడా.

పాత టీవీల్లో బొమ్మ వెడల్పు 4 పాళ్ళయితే ఎత్తు 3 పాళ్ళు. ఆ కాలపు సినిమాలదీ దాదాపు అదే కొలత. కొత్త టీవీలది 16కు 9. పాత బొమ్మను తెర నిండా సాగదీస్తే 3 అంగుళాల వెడల్పు ఉండాల్సిన ముఖం 4 అంగుళాలవుతుంది. ఎత్తు మాత్రం పెరగదు.

రిమోట్‌తో సెట్టింగ్స్ తెరిచి 'పిక్చర్ సైజ్' లేదా 'ఆస్పెక్ట్' అన్నచోట 4:3 ఎంచుకుంటే బొమ్మ సరవుతుంది. అప్పుడు ఇరుపక్కలా నల్లపట్టీలు వస్తాయి. డబ్బు పోసి కొన్న తెర వృథా అయిందని బాధపడనక్కర లేదు. 'జూమ్' పెడితే పట్టీలు పోతాయి గానీ, పైనా కిందా కలిపి బొమ్మలో నాలుగో వంతు తెగిపోతుంది.

1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' వంటి సినిమాస్కోప్ చిత్రాలకు పట్టీలు పైనా కిందా రావడం సహజం. అందుకోసం మెకానిక్‌ను పిలవనక్కర లేదు.

పాత పెళ్ళి క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని చూసేవారు ముఖ్యంగా ఈ సంగతి గమనించాలి. గతించిన అమ్మానాన్నల ముఖాలు ఉన్నవి ఉన్నట్లు కనబడాలంటే నల్లపట్టీలను ఉండనివ్వడమే మేలు.