ఇంటి ముందు మెకానిక్ గుంత - ప్రాణానికి, ఇన్సూరెన్సుకు సంబంధించిన కొన్ని విషయాలు

ఆదోని నుండి ఆస్పరి వైపు వెళ్లినా, ఎమ్మిగనూరు వైపు వెళ్లినా ఊరి మొదట్లో ఒక రేకుల షెడ్డు, దాని కింద నేలలో తవ్విన పొడవాటి గుంత కనిపిస్తుంది. చాలాచోట్ల అది మెకానిక్ ఇంటి ముందరే ఉంటుంది. ట్రాక్టరునో, ఆటోనో, జీపునో దాని మీదికి ఎక్కించి, మనిషి కిందికి దిగి ఆయిలు మారుస్తాడు, గేరుబాక్సు విప్పుతాడు. బండిని పైకి లేపే లిఫ్టు కొనే స్తోమత లేని వారికి ఆ గుంతే జీవనాధారం. కాబట్టి గుంత పూడ్చెయ్యండి అని నేను చెప్పబోవడం లేదు. అందులో దిగేవారు, వారి భార్యాబిడ్డలు తెలుసుకోవలసిన విషయాలు మాత్రమే రాస్తున్నాను.

గుంతలో దిగి పని చేయడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం స్థాపించారు. గుంటమగ్గం అంతకంటే ఎంతో పాతది. అయితే నేతపని చేసేవారి కాళ్లు మాత్రమే గుంటలో ఉంటాయి, ముక్కు పైన ఉంటుంది. మెకానిక్ గుంతలో మనిషి తలతో సహా నేల లోపలికి పోతాడు. పైన బండి మూతలాగా ఉంటుంది. అసలు చిక్కంతా గాలి దగ్గరే వస్తుంది.

పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. అది పైకి పోదు, నీళ్లలాగా పల్లానికి పారి గుంత అడుగున చేరుతుంది. వంటగ్యాసు, గ్యాసుతో నడిచే ఆటోలలోని గ్యాసు కూడా అంతే. (సి.ఎన్.జి. మాత్రం గాలికంటే తేలిక, పైకి పోతుంది.) పెట్రోలు మన కళ్లకు కనిపించకుండానే మామూలు వేడికే ఆవిరి అవుతూ ఉంటుంది. డీజిలు అంత సులభంగా ఆవిరి కాదు గనుక ట్రాక్టరు పనిలో ఈ భయం కొంత తక్కువ, ఆటోలు, మోటారు సైకిళ్లు, కార్ల పనిలో ఎక్కువ. గుంతలో ఆవిరి నిండి ఉన్నప్పుడు ఒక బీడీ, ఒక గ్రైండింగు నిప్పురవ్వ, చేతిలైటు జారిపడి పగిలిన బల్బు, చివరికి ఒక స్విచ్ వేసినప్పుడు వచ్చే మెరుపు చాలు. ఇల్లు, షెడ్డు ఒకటిగా ఉన్నచోట ఇంకో సంగతి కూడా ఉంది. ఆ ఆవిరి నేల వెంట పాకి గడప దాటి వంటింటి పొయ్యి వరకు రాగలదు. అందుచేత పెట్రోలు ట్యాంకు విప్పే పని, కార్బురేటరు కడిగే పని గుంత మీద చేయకండి, బయట గాలిలో చేయండి. పెట్రోలు వాసన వస్తున్నప్పుడు లైటు స్విచ్, ఫ్యాను స్విచ్ ముట్టుకోకూడదు, ఇంజను స్టార్టు చేయకూడదు. బండిని చేతులతో వెనక్కి నెట్టి గుంతను తెరిచి వదిలేయండి. పెట్రోలు మంటను నీళ్లు ఆర్పవు, ఇంకా పరుస్తాయి. ఇసుక బకెట్లు, పొడి రసాయనం ఉన్న సిలిండరు గుంత లోపల కాదు, పైన చేతికి అందేచోట ఉంచండి.

రెండవది పొగ. ఇంజను నడుస్తుండగా వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థానికి అది ప్రాణవాయువుకంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. ముందు తలనొప్పి, తరువాత వికారం, తల తిరగడం, కాళ్లలో బలం పోవడం జరుగుతాయి. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగి మళ్లీ దిగేవారు ఉంటారు. గుంతలో ఉండగా తలనొప్పి మొదలై బయటికి వస్తే తగ్గుతూ ఉంటే అది ఎండ కాదు, పొగ అని అనుమానించండి. ఈ రోజుల్లో చాలా ఇళ్లలో వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే చిన్న యంత్రం ఉంది. ఈ వాయువు విషయంలో దాన్ని నమ్మకండి. మనిషి ప్రమాదంలో ఉన్నా అది 98 అని చూపించగలదు. ఆసుపత్రికి తెచ్చినప్పుడు "ఇంజను పొగలో ఉన్నాడు" అన్న ఒక్క మాట చెబితే మేము వెంటనే మాస్కుతో ఆక్సిజన్ మొదలుపెడతాము. పడకగది కిటికీ షెడ్డు వైపు ఉన్న ఇళ్లలో గర్భిణీ స్త్రీలకు, పసిపిల్లలకు ఇదే పొగ మరింత చెరుపు.

ఒకరు గుంతలో పడిపోతే చూసినవారు వెంటనే దూకుతారు. తండ్రి, అన్న ఎవరైనా అంతే చేస్తారు, తప్పు పట్టలేము. కానీ మొదటి మనిషిని పడగొట్టిన గాలి రెండవ మనిషిని కూడా పడగొడుతుంది. డీజిలు ఇంజను పెట్టిన బావుల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో ఒకరి వెనుక ఒకరు పోవడానికి కారణం ఇదే. నడుస్తున్న ఇంజను ఉంటే ఆపండి, బండిని పక్కకు నెట్టండి, 108కి ఫోను చేయండి, పదిమందిని పిలవండి. నడుముకు తాడు కట్టుకుని, తాడు పట్టుకునే మనుషులు పైన ఉంటే తప్ప దిగకండి. రెండు చివరలా మెట్లు ఉండి, ఒక చివర ఎప్పుడూ బండికి బయట ఉండేలా గుంత తవ్వితే ఇంత దూరం రాదు.

మన నేల సంగతి కూడా చెప్పాలి. పడమటి కర్నూలులో చాలాచోట్ల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. రాయి కట్టకుండా ఉత్త మట్టి గోడలతో వదిలిన గుంత ఒక వానాకాలం నిలిచింది కదా అని రెండవ వానాకాలం నిలుస్తుందని లేదు. పైన ట్రాక్టరు బరువు కూడా తోడవుతుంది. ఒక ఘనపు మీటరు మట్టి సుమారు ఒకటిన్నర టన్ను తూగుతుంది. తల బయట ఉన్నా, ఛాతీ వరకు మట్టి పడితే ఊపిరి ఆడదు. రాతితోనో కాంక్రీటుతోనో గోడలు కట్టించండి, చక్రం జారకుండా అంచున గట్టు పోయించండి. పని లేనప్పుడు మందపాటి చెక్కలో ఇనుప జాలీయో మూయండి. చీకటి పడ్డాక ఇంటికి వచ్చే అవ్వకు, పరుగెత్తే పిల్లవానికి ఆ గుంత కనిపించదు. వాన నీళ్లు నిలిచిన గుంతలో 230 వోల్టుల చేతిలైటు పట్టుకుని దిగడం కంటే బండి బ్యాటరీతో వెలిగే 12 వోల్టుల లైటు ఎంతో మేలు.

కైరుప్పల పేరు చెప్పగానే ఉగాది మర్నాటి పిడకల సమరం గుర్తుకు వస్తుంది. పిడకల ప్రస్తావన ఇక్కడ ఎందుకంటే, ధనుర్వాతం క్రిములు మట్టిలోను, పేడలోను ఉంటాయి. పశువుల కొట్టం పక్కనే షెడ్డు ఉన్న ఇంట్లో గుంత అడుగున ఉన్న మురికిలో కూడా అవి ఉంటాయనే అనుకోవాలి. తుప్పు పట్టిన రేకు గీసుకుంటే సబ్బు నీళ్లతో కడిగి ఇంజెక్షనుకు రండి. ఇది వరకు టి.టి. అనేవారు, ఇప్పుడు టి.డి. ఇస్తున్నారు. తల్లులు గర్భిణీగా ఉన్నప్పుడు వేయించుకుంటారు, పిల్లలకు బడిలో వేస్తారు. నలభై ఏళ్ల మెకానిక్‌ను చివరిసారి ఎప్పుడు వేయించుకున్నావు నాయనా అని అడిగితే గుర్తుండదు. పదేళ్లు దాటితే దెబ్బ తగలకపోయినా వేయించుకోవాలి.

గొట్టం పెట్టి నోటితో పెట్రోలు లాగే అలవాటు మానండి. మింగినదానికంటే ఊపిరితిత్తుల్లోకి పోయిన నాలుగు చుక్కలు ఎక్కువ హాని చేస్తాయి. అలా జరిగితే వాంతి చేయించకండి, తీసుకుని రండి. కాలిన గాయాన్ని ఇరవై నిమిషాలు కుళాయి నీటి కింద ఉంచండి. పేస్టు, ఇంకు, పసుపు పూయకండి, వాటిని తుడవడానికే మాకు సమయం పోతుంది, రోగికి నొప్పి పెరుగుతుంది.

ఇక ఇన్సూరెన్సు. "ఇరవై ఏళ్లుగా దిగుతున్నాం సిస్టరమ్మా, ఏం కాదులే" అనేవారు కూడా ఈ భాగం చదవాలి, ఎందుకంటే ఇది వారికంటే వారి ఇంటివారికి సంబంధించినది. ఇంటికి చేసే అగ్ని బీమా (2021 ఏప్రిల్ 1 నుండి వచ్చిన భారత్ గృహ రక్ష) నివాసం ఉండే ఇంటికి. ఆవరణలో షెడ్డు ఉంది, గుంత ఉంది, బయటి బండ్లు వస్తాయి అని దరఖాస్తులో చెప్పకపోతే, నష్టం జరిగిన రోజున కంపెనీ వేసే మొదటి ప్రశ్న అదే అవుతుంది. చిన్న వ్యాపారాలకు అదే తేదీ నుండి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే వేరే పాలసీ ఉంది. అడిగి, షెడ్డును వ్రాయించి తీసుకోండి. మరమ్మతుకు వచ్చిన బండికి థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే, మీ షెడ్డులో అది కాలిపోతే యజమానికి ఆ పాలసీ పైసా ఇవ్వదు. అప్పుడు ఆయన చూసేది మీ వైపే. బండి తీసుకునేటప్పుడే పాలసీ కాగితం చూడండి.

ఈ పాలసీలు రేకులకు, సామానుకు. మనిషికి వేరే ఉండాలి. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన 18 నుండి 70 ఏళ్ల వారికి, ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు, రెండు కళ్లో రెండు కాళ్లో పోతే 2 లక్షలు, ఒక కన్ను లేక ఒక చెయ్యి పోతే లక్ష. విరిగిన ఎముకకు, కోల్పోయిన కూలికి అందులో ఏమీ రాదు. షెడ్డులో ఎక్కువగా గుంతలోకి దించేది సన్నగా ఉండే కుర్రవాణ్ణి. పద్దెనిమిది నిండనివానికి ఈ బీమా లేదు. పద్నాలుగు నిండనివాణ్ణి పనిలో పెట్టుకోవడం చట్టమే ఒప్పుకోదు. పనివానికి పనిలో దెబ్బ తగిలితే పరిహారం పని ఇచ్చినవారి బాధ్యత అని 1923 నుండే చట్టం ఉంది, నేటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ నియమం ఉంది. దానికీ పాలసీలు అమ్ముతారు.

ఒక మాట మా వైపు నుండి. గుంతలో దెబ్బ తగిలినవారిని తెచ్చి, పోలీసుల భయంతో "మెట్ల మీద జారిపడ్డాడు" అని చెబుతుంటారు. మా రిజిస్టరులో అదే వ్రాసుకుంటాము. తరువాత క్లెయిము కాగితాల్లో షెడ్డు, గుంత అని వస్తుంది, రెండూ కలవవు, డబ్బు ఆగిపోతుంది. వచ్చిన మొదటి నిమిషంలోనే జరిగింది జరిగినట్లు చెప్పండి. డిశ్చార్జి కాగితం పోగొట్టుకోకండి. మరణం సంభవిస్తే ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం నివేదిక అవసరమవుతాయి, ఆ దుఃఖంలో వద్దని పట్టుబట్టకండి.

సురక్షా బీమా ఏడాది జూన్ 1న మొదలై మే 31తో ముగుస్తుంది. మే చివరి వారంలో ఖాతాలో ఆ ఇరవై రూపాయలు లేకపోతే ఆగిపోతుంది, ఎవరూ ఇంటికి వచ్చి చెప్పరు. బ్యాంకుకు వెళ్లినప్పుడు నామినీ పేరు కూడా చదివించుకోండి. పెళ్లికి ముందు వ్రాయించిన అమ్మ పేరు, ఆమె పోయిన తరువాత కూడా, అలాగే ఉండిపోయిన ఇళ్లు ఉన్నాయి.