మీకు తెలుసా? లెక్కలో లేని 2 కోట్ల మంది

1991 జనగణనలో వికలాంగుల గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. పదేళ్ల తర్వాత అడిగి చూస్తే దేశంలో 2.19 కోట్ల మంది తేలారు.

2001 లెక్కల్లోనూ ఆ ప్రశ్న ఉండేది కాదేమో! అది చేరేదాకా ప్రభుత్వాన్ని వదలని వారిలో ముందువరుసలో నిలిచిన వ్యక్తి జావేద్ అబిదీ. అలీగఢ్‌లో పుట్టి, అమెరికాలో జర్నలిజం చదివి, చక్రాల కుర్చీలోనే ఢిల్లీ వీధుల్లో ధర్నాలు నడిపిన ఉద్యమకారుడు. ఎంతమంది ఉన్నారో తెలియకుండా బడ్జెట్ ఎలా కేటాయిస్తారన్నది ఆ పోరాటం వేసిన సూటి ప్రశ్న. చివరికి చూపు, మాట, వినికిడి, కదలిక, మానసిక స్థితి అనే అయిదు రకాల వైకల్యాలను ఎన్యూమరేటర్లు ఇంటింటా అడిగి నమోదు చేశారు. అయినా ఆ సంఖ్య అసలు కంటే తక్కువేనని ఉద్యమకారులు వాదించారు. ఆ వాదనలో న్యాయముంది.

అబిదీ పోరాటం జనగణనకే పరిమితం కాలేదు. ఆయన వేసిన కేసులో 1998లో సుప్రీంకోర్టు, 80 శాతం, ఆపైన చలన వైకల్యం ఉన్నవారికి ఇండియన్ ఎయిర్‌లైన్స్ టికెట్‌లో రాయితీ ఇవ్వాలని ఆదేశించింది. 2004 ఎన్నికల వేళ ఆయన రాసిన లేఖనే పిటిషన్‌గా తీసుకుని, అదే కోర్టు పోలింగ్ కేంద్రాల్లో చెక్క ర్యాంపులు వేయమంది. ఆయన 2018 మార్చిలో కన్నుమూశారు.