కంప్యూటరూ మన ఇంటి సామానే!

ఫ్రిజ్ కొన్న రోజే స్టెబిలైజర్ కొంటాం. మిక్సీ జార్ అడుగున తడి లేకుండా తుడుస్తాం. పడుకోబోయే ముందు గ్యాస్ కట్టేశామో లేదో మరోసారి చూసుకుంటాం. మరి హాల్లో మూలనున్న కంప్యూటర్ సంగతి? అది ‘ఆయనది’, లేకపోతే ‘అబ్బాయిది’. మన వంతు దానిమీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పడం, పండక్కి దుమ్ము దులపడం. అంతే కదూ!

కానీ అబ్బాయి చదువుకని హైదరాబాద్ హాస్టల్‌కి వెళ్ళిపోయాడు. ఆయనకు ఆఫీసులో చూసిన కంప్యూటరే చాలు. మరి ఇంట్లో దాని ముందు కూర్చునేదెవరు? మా అశ్వారావుపేటలో నేనెరిగినంతలో మనమే. నేను కథలు టైపు చేసుకుంటాను. పక్కింటావిడ ట్యూషన్ పిల్లలకు ప్రశ్నపత్రాలు తయారుచేస్తుంది. వెనక వీధిలో ఒకావిడ డ్వాక్రా గ్రూపు లెక్కలు రాస్తుంది. వాడేది మనమైతే బాగోగులు చూడాల్సిందీ మనమే. పెద్ద రిపేరు వస్తే సత్తుపల్లికో జంగారెడ్డిగూడేనికో మోసుకెళ్ళాల్సిన ఊళ్ళో ఇది మరీ అవసరం.

ముందు కరెంటు సంగతి. చుట్టూ పామాయిల్ తోటలు, ఆపైన అడవి. గాలివాన వచ్చిందంటే ఏ కొమ్మ ఏ తీగమీద పడుతుందో తెలియదు. పోయిన కరెంటు వస్తూ వస్తూ ఒక్కసారిగా ఎక్కువ వోల్టేజీతో రావచ్చు, కంప్యూటర్‌ని దెబ్బతీసేది అదే. అందుకే యూపీఎస్ ఉండాలి. అయితే యూపీఎస్ ఉంది కదా అని కరెంటు పోయాక కూడా పని సాగించకండి. అది ఇచ్చే పది పదిహేను నిమిషాలు ఫైల్ సేవ్ చేసి, పద్ధతిగా ఆపడానికే. రెండు మూడేళ్ళకు దాని బ్యాటరీ మార్చాలి. లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌కు తగిలించకండి, ఆ లోడు అది మోయలేదు. ఉరుములు మెరుపులు మొదలైతే స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు పీకెయ్యాలి. ప్లగ్గు తీసి నెట్ వైరు మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. పిడుగు ఆ తీగలోంచీ రాగలదు సుమా! ఎర్తింగ్ గుంటలో ఎండాకాలం అప్పుడప్పుడు బకెట్ నీళ్ళు పోస్తుంటే మంచిది.

సీపీయూ నేలమీద ఉంటే పీట వేసి పైకెత్తండి. మనం ఊడ్చిన దుమ్మంతా ఫ్యాను లోపలికి లాక్కుంటుంది. వెచ్చగా ఉంటుందని బల్లులు, చీమలు కూడా చేరతాయి. రెండు మూడు నెలలకోసారి ప్లగ్గు తీసేసి, పక్క మూత విప్పి, కొత్త పెయింట్ బ్రష్షుతో మెల్లగా దులపండి. తడిగుడ్డ వద్దు. ఇక ఆ ఎంబ్రాయిడరీ గుడ్డ, మెషిన్ పూర్తిగా చల్లారాకే కప్పాలి. లాప్‌టాప్ అయితే పరుపుమీద పెట్టి వాడొద్దు, అడుగున గాలి ఆడే కన్నాలు మూసుకుపోతాయి.

ఇవన్నీ చెడితే డబ్బుతో సరిపోతుంది. డబ్బు పెట్టినా తిరిగి రానివి ఇంకొన్ని ఉన్నాయి.

కంప్యూటర్ కాస్త నెమ్మదించిందనుకోండి, మెకానిక్ అబ్బాయి వచ్చి చెప్పే మందు ఒకటే, “ఫార్మాట్ కొట్టాలి ఆంటీ.” జలుబుకీ జ్వరానికీ ఒకే బిళ్ళ ఇచ్చినట్టు! ఇందాక చెప్పిన డ్వాక్రా లీడరు ఇంట్లోనూ అదే జరిగింది. ఆవిడ సరేనంది. ఫార్మాట్ అంటే ఇల్లు కడగడం లాంటిదేమో అనుకుంది. నిజానికి అది సామానుతో సహా ఇల్లు ఖాళీ చేయడం. ‘సి’ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేసినా, మనకు ఎదురుగా కనిపించే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ మామూలుగా ఉండేది అందులోనే. మూడేళ్ళ లెక్కలు పోయాయి. బ్యాంకు అప్పు వివరాలు బ్యాంకులో ఉంటాయి, సరే. గ్రూపులో ఒకరికొకరు ఇచ్చుకున్న అప్పులు, ఏ నెల ఎవరు ఎంత కట్టారు అన్నవి? పుస్తకం రాయడం మానేసి అంతా కంప్యూటర్‌లోనే పెట్టారాయె. రెండు వారాలపాటు సభ్యులంతా పాత చీటీలు, పాస్‌బుక్కులు ముందేసుకుని కూర్చున్నారు. “నేను కట్టాను”, “లేదు, కట్టలేదు” అనే మాటలు వచ్చాయి. ఇప్పటికీ ఇద్దరి మధ్య పలకరింపులు లేవు.

కాబట్టి మెకానిక్ చెయ్యి వెయ్యకముందే “డెస్క్‌టాప్ మీదివి వేరే తీసిపెట్టావా బాబూ?” అని అడగండి. తీసిపెట్టిన ఫైళ్ళు తెరుచుకుంటున్నాయో లేదో మీరే చూడండి. మొహమాటం వద్దు. అసలు ఆ రోజుదాకా ఆగడమెందుకు? నెలకోసారి, గ్రూపు మీటింగు రోజో కరెంటు బిల్లు కట్టే రోజో గుర్తు పెట్టుకుని, ముఖ్యమైనవన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, దాన్ని పీకి బీరువాలో పెట్టండి. తగిలించి వదిలేస్తే లాభం లేదు. ఫైళ్ళకు తాళం వేసి డబ్బడిగే వైరస్ వస్తే, తగిలించి ఉన్న డిస్క్‌కీ తాళం పడుతుంది. ఫోటోలు, సర్టిఫికెట్లు గూగుల్ డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉంటే మరీ నిశ్చింత. మా డ్వాక్రా లీడరు ఇప్పుడు రెండు పెన్‌డ్రైవ్‌లలో దాస్తోంది. ఒకటి తన దగ్గర, ఒకటి రెండో లీడరు ఇంట్లో.

ఆ తాళం వేసే వైరస్ ఎక్కడో అమెరికాలోది అనుకోకండి. 2017 మేలో ‘వాన్నాక్రై’ అనేది సుమారు 150 దేశాలలో కంప్యూటర్లను పట్టుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. తాళం తియ్యాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమని తెరమీద బెదిరింపు! అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలో, మైక్రోసాఫ్ట్ దానికి మందు పంపింది. ‘అప్‌డేట్’ రూపంలో. వేసుకున్నవాళ్ళు బయటపడ్డారు. 2019లో మన రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లకూ ఇలాంటి దెబ్బే తగిలింది.

అందుకే ‘అప్‌డేట్ చేయమంటారా?’ అని అడిగినప్పుడల్లా ‘తర్వాత’ నొక్కకండి. రాత్రి వంటిల్లు సర్దేలోపు అదే అయిపోతుంది. అన్నట్టు, విండోస్ 10కి మామూలుగా వచ్చే ఉచిత అప్‌డేట్‌లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. పాత మెషిన్‌కు విండోస్ 11 పడుతుందేమో కనుక్కోండి. పట్టకపోతే దాన్ని టైపింగుకు ఉంచుకుని, బ్యాంకు పనులు వేరేదాంట్లో చూసుకోవడం మేలు. మెకానిక్ ‘క్రాక్’ సాఫ్ట్‌వేర్ ఊరికే వేస్తానంటే ఒప్పుకోకండి. దొంగతాళంతో వచ్చినవాడు ఒట్టి చేతులతో పోతాడా? తెలుగు టైపింగ్ కోసమైతే అసలు అక్కర్లేదు, విండోస్‌లోనే తెలుగు కీబోర్డ్ ఉంది.

మా వైపు కంప్యూటర్లకు వైరస్ ఎక్కువగా జిరాక్స్ షాపు నుంచే వస్తుంది. పెన్‌డ్రైవ్ ఇస్తాం, ప్రింట్ తీసుకుంటాం, తెచ్చి మళ్ళీ ఇంట్లో పెడతాం. చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయి కూర్చుంటాయి. కంగారుపడి వాటిని నొక్కకండి. మీ ఫైళ్ళు చాలావరకు లోపలే దాగి ఉంటాయి. ముందు విండోస్‌లోని డిఫెండర్‌తో స్కాన్ చేసి, ‘వ్యూ’లో ‘హిడెన్ ఐటమ్స్’ టిక్కు పెడితే బయటపడవచ్చు. షాపుకు వేరే చిన్న పెన్‌డ్రైవ్ ఉంచుకుంటే ఇంకా మంచిది. అందులో ఆ రోజు ప్రింట్ తప్ప ఏమీ ఉండకూడదు.

అక్కడ వాట్సాప్ తెరిస్తే లాగౌట్ చేసి రండి. మీ ఆధార్ కాపీ వాళ్ళ ‘డౌన్‌లోడ్స్’లో ఉండిపోతే నిలబడి చెరిపించండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా. ఈ-ఆధార్‌కు పాస్‌వర్డ్ ఉంది కదా అనకండి, పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం అన్నది లోకమంతా ఎరిగిన గుట్టు. చివరి నాలుగు అంకెలే కనిపించే ‘మాస్క్‌డ్’ ఆధార్ కూడా దొరుకుతుంది. అది సరిపోయేచోట అదే ఇవ్వండి.

మిగతా పాస్‌వర్డ్‌లకు పిల్లాడి పేరు పక్కన 123 చేర్చే అలవాటు మానెయ్యండి. పొంతనలేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాస్తే మీకు గుర్తుంటుంది, ఎవరికీ అందదు. నోటుబుక్కులో రాసుకోవద్దంటారు కానీ, నేనైతే రాసి బీరువాలో పెట్టుకోమంటాను. మన పాస్‌వర్డ్ దొంగ మన బీరువా దాకా రాడు.

“మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి” అని తెరమీద పడితే ఫోన్ చేయకండి. నెట్ వైరు పీకి మెషిన్ ఆపెయ్యండి. ‘ఎనీడెస్క్’ వేసుకోమని ఎవరన్నా అడిగితే ఫోన్ పెట్టెయ్యండి. ఒకవేళ ఖాతాలోంచి డబ్బు పోతే ఇంట్లో ఏమంటారోనని దాచుకుని కూర్చోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకూ చెప్పండి. మొదటి గంటలో చెబితే ఆ డబ్బు చేతులు మారకముందే ఆపే వీలుంటుంది.