క్లిప్పులు వేస్తే పంటి నరం చచ్చిపోతుందా?

గుడియాత్తం నుండి ఒక తల్లి పంతొమ్మిదేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకొని నా దవాఖానాకు వచ్చింది. వేలూరులో అమ్మాయి పళ్ళకు క్లిప్పులు వేయించి మూడు రోజులైందట. అన్నం నమలలేక గంజితోనే గడుపుతోంది. "తీగ బిగిస్తే లోపలి నరం చచ్చిపోతుంది, నలభై ఏళ్ళకే పళ్ళన్నీ రాలిపోతాయి" అని పక్కింటావిడ చెప్పడంతో ఈ తల్లికి రెండు రాత్రులు నిద్ర లేదు. "హకీమ్ సాబ్, క్లిప్పులు తీయించేస్తాం, పళ్ళు గట్టిపడే దవా ఏదైనా ఇవ్వండి" అని అడిగింది.

ఇదే ప్రశ్న చాలా ఇళ్ళలో ఉంది కనుక మీ అందరికీ కలిపి జవాబు రాస్తున్నాను.

పన్ను రాయి కాదు, ప్రాణమున్న అవయవం. పైన ఎనామిల్, దాని కింద డెంటిన్, వాటి నడుమ చిన్న గదిలో మెత్తని గుజ్జు ఉంటాయి. మనం 'పంటి నరం' అనేది ఈ గుజ్జునే. నిజానికి అందులో నరాలతో పాటు రక్తనాళాలు, పంటిని పోషించే కణాలు కూడా ఉన్నాయి. ఇవన్నీ వేరు కొనన ఉన్న సన్నని రంధ్రం గుండానే లోపలికి వెళతాయి. ఎముకలకు స్పర్శ లేదుగానీ, మెదడు నుండి వచ్చే శక్తి వల్ల పళ్ళకు మాత్రం స్పర్శ ఉంది, వేడి చలువలు వాటికి తెలుస్తాయి అని జాలీనూస్ అన్న మాటను ఇబ్న్ సీనా (980-1037) తన 'అల్ ఖానూన్'లో ఉదహరించారు. పంటిలో జీవం ఉందన్న సంగతి మన తిబ్బుకు కొత్త కాదు.

పంటికి తీగ చుట్టడమూ కొత్త కాదు. వెయ్యేళ్ళ క్రితం అందలూసియాలో అబుల్ ఖాసిం జహ్రావీ కదులుతున్న పళ్ళను బంగారు తీగతో కట్టే పద్ధతి రాసిపెట్టారు. అయితే ఆయన కట్టింది పన్ను కదలకుండా ఉండేందుకు. నేటి డాక్టరు తీగ వేసేది పంటిని కదిలించేందుకు. పక్కింటావిడ భయమంతా ఈ కదలడం దగ్గరే ఉంది.

పన్ను ఎలా కదులుతుంది? వేరు దవడ ఎముకకు నేరుగా అతుక్కొని ఉండదు. రెండింటి నడుమ సుమారు మిల్లీమీటరులో నాలుగో వంతు మందమున్న సన్నని నారపొర ఉంటుంది. తీగ నెట్టిన వైపు ఆ పొర నలిగి, అక్కడి ఎముక మెల్లగా కరుగుతుంది. ఖాళీ అయిన వైపు కొత్త ఎముక చేరుతుంది. అలా పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. ఒకటిన్నర, రెండేళ్ళు పట్టేది ఇందుకే.

వేరు జరిగితే దాని కొనన దూరే రక్తనాళాలు కూడా కాస్త నలుగుతాయి. అప్పుడు గుజ్జులో రక్తప్రసారం కొన్నాళ్ళు మారుతుంది, కొద్దిగా వాపు రావచ్చు. వేలికి దెబ్బ తగిలితే వాయడానికి చోటుంది. గుజ్జుకు నాలుగు వైపులా గట్టి గోడలే, పాపం ఎటూ పోలేదు. అయినా తీగ బలం మితంగా ఉంటే ఆరోగ్యంగా ఉన్న గుజ్జు తట్టుకొని, తిరిగి తన స్థితికి వస్తుంది. వేరు రంధ్రం ఇంకా పెద్దగా ఉన్న చిన్న వయసులోనైతే మరీ సులభంగా తట్టుకుంటుంది. పెద్దవాళ్ళకు ఆ రంధ్రం సన్నబడుతుంది, అందువల్ల వాళ్ళకు మరింత నిదానం కావాలి.

మరి మూడు రోజుల ఆ నొప్పి? అది ఎక్కువగా నారపొరది. బిగించిన కొన్ని గంటలకు మొదలై, మర్నాటికి బాగా పెరిగి, వారంలోపు తగ్గిపోతుంది. మళ్ళీ బిగించినప్పుడు మళ్ళీ వస్తుంది. మెత్తని కిచిడీ, గోరువెచ్చని ఉప్పునీటి పుక్కిలింత చాలు. మాత్ర తప్పదనుకుంటే పారాసిటమాల్ మేలు. ఐబుప్రొఫెన్ వంటివి వాపును ఆపుతూనే పన్ను జరగడానికి కావలసిన పదార్థాలను కూడా అణచివేస్తాయి. డాక్టరును అడగకుండా వాటిని రోజూ మింగకండి.

ఇంకో సంగతి. తీగ ఉన్నన్నాళ్ళూ, చల్లని పరీక్షకూ కరెంటు పరీక్షకూ పన్ను సరిగా జవాబు చెప్పకపోవచ్చు. అదొక్కటే చూసి నరం చచ్చిందని రూట్ కెనాల్‌కు పరుగెత్తకూడదు. రూట్ కెనాల్ అయిన పంటిని జరపవచ్చా అని కూడా అడుగుతుంటారు. జరపవచ్చు. పంటిని జరిపేది చుట్టూ ఉన్న నారపొర, లోపలి గుజ్జు కాదు.

ఇదంతా చెబుతూ అమ్మాయి నోట్లోకి చూశాను. పై ముందు పళ్ళలో ఒకటి మిగతావాటికంటే కాస్త పసుపుగా ఉంది. ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అంటే తల్లి ఆలోచించి, తొమ్మిదేళ్ళప్పుడు సైకిల్ మీద నుంచి పడిందని, రెండు రోజులు ఏడ్చి ఊరుకుందని చెప్పింది. మరి పళ్ళ డాక్టరుకు చెప్పారా? "పాత సంగతి కదా, చెప్పేదేముంది" అంది.

అసలు చెప్పవలసింది అదే. గట్టి దెబ్బ తిన్న పంటిలో గుజ్జు గది ఏళ్ళ తరబడి సన్నబడుతూ మూసుకుపోవచ్చు. పసుపు రంగు దాని గుర్తు. అటువంటి గుజ్జుకు తట్టుకునే శక్తి తక్కువ, తీగ ఒత్తిడి పడితే చనిపోయే ప్రమాదం మిగతావాటికంటే ఎక్కువ. నేను మందు ఏమీ ఇవ్వలేదు. వెంటనే ఆ డాక్టరు దగ్గరికే తిప్పి పంపాను. ఆయన ఎక్స్‌రే తీసి, ఆ పంటి మీద బలం తగ్గించి, వచ్చినప్పుడల్లా దాన్ని విడిగా చూస్తానన్నారట. క్లిప్పులు అలాగే ఉన్నాయి.

వెళ్ళేముందు తల్లి మెల్లగా ఇంకో మాట అడిగింది. సంబంధాలు వస్తున్నాయి, ఆరు నెలల్లో ముగించమని డాక్టరును ఒత్తిడి చేయవచ్చా అని. వద్దన్నాను. తీగ బలం నారపొరలోని సన్న రక్తనాళాల ఒత్తిడిని మించకూడదని 1932లోనే ష్వార్జ్ అనే పరిశోధకుడు చెప్పాడు. ఆ పరిమితి దాటితే పొరలో రక్తం ఆగి, పన్ను త్వరగా జరగడానికి బదులు కొన్నాళ్ళు నిలిచిపోతుంది, వేరు కొన అరిగే భయం కూడా పెరుగుతుంది. ఫోటోలో పలువరస కోసం బలం పెంచమనే తల్లిదండ్రులను చూస్తే నాకు కోపం వస్తుంది. నిఖా రోజున క్లిప్పులతో నవ్వితే ఏం తక్కువ?

చికిత్స సాగుతుండగా ఏదైనా పన్ను బూడిద రంగుకు తిరిగినా, వేడి టీ తాగాక నొప్పి నిమిషాల తరబడి ఆగకపోయినా, రాత్రి నిద్ర లేపినా, చిగురుపై చీముగడ్డ లేచినా ఆ వారంలోనే పళ్ళ డాక్టరుకు చూపించండి. వేలూరు, చిత్తూరు వైపు వారికి సి.ఎం.సి.లో దంత విభాగం కూడా ఉంది. లవంగ నూనె కాసేపు తిమ్మిరెక్కిస్తుంది, అంతే. చచ్చిన గుజ్జును బతికించే మంజన్ నా దగ్గర లేదు, ఉందని ఎవరైనా అంటే నమ్మకండి.

మిస్వాక్ చేసేవారు మానక్కరలేదు. అయితే అది తీగ కిందికి పోదు. అక్కడ ఇరుక్కున్న తిండి పుచ్చుగా మారి గుజ్జు దాకా తొలుస్తుంది. అందుకు దుకాణాల్లో దొరికే చిన్న సందుల బ్రష్ వాడండి. ఆంబూరు బిర్యానీ నిక్షేపంగా తినండి, ఎముకలు మాత్రం పక్కన పెట్టండి.