జేబులో ఉన్న సినిమా

పిల్లలూ! సినిమా అంటే కథా, పాటలూ, పోరాటాలూ ఉండాలని మీరనుకుంటారు. కాని మొట్టమొదటి సినిమాలు కొన్నింటిలో కథే లేదు! 1895 డిసెంబరు 28న పారిస్ నగరంలో ల్యూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి సినిమా చూపించారు. అందులో ఒకటి, లియాన్ పట్టణంలో వారి ఫ్యాక్టరీ నుంచి పనివాళ్ళు బయటికి వచ్చే దృశ్యం. అది ఒక్క నిమిషమైనా లేదు.

1929లో సోవియట్ దేశంలో జీగా వెర్టోవ్ అనే ఆయన నటులు లేకుండానే పెద్ద సినిమా తయారుచేశాడు. మాస్కో, కీవ్, ఒడెస్సా నగరాల వీధులను చిత్రించి, అంతా ఒకే ఊళ్ళో ఒకే రోజున జరిగినట్టు కూర్చాడు. ఇటువంటి వాటిని ప్రయోగ చిత్రాలంటారు.

ల్యూమియేర్ సోదరుల కెమేరాను చేత్తో తిప్పవలసి వచ్చేది. ఇవాళ అంతకన్న తేలికైన కెమేరా మీ నాన్నగారి జేబులోనే, ఫోను రూపంలో ఉన్నది. మరి మీరూ ఒక ప్రయోగం చేస్తారా?

చుండూరు పిల్లలకు తెనాలి దగ్గరే. కాలువలున్న ఆ పట్టణాన్ని ఆంధ్రా పారిస్ అంటారు. పెద్దవాళ్ళతో వెళ్ళి, వాహనాలకు దూరంగా ఒక అరుగుమీద ఫోనును వీధివైపు తిప్పి, కదలకుండా నిలబెట్టండి. అయిదు సెకండ్లకొక ఫోటో చొప్పున గంటసేపు తీస్తే ఎన్ని ఫోటోలవుతాయి? 720! వాటిని సెకండుకు 24 చొప్పున చూపిస్తే, గంట కాలం అర నిమిషంలో గడిచిపోతుంది. చాలా ఫోనులు ఈ పని వాటంతటవే చేస్తాయి.

ఇప్పుడు చూడండి, తమాషా! ఆటోలూ, సైకిళ్ళూ చీమల్లాగా పరుగెత్తుతాయి. పూలబుట్ట ముందు కూర్చున్న అవ్వ ఉంటే, ఆమె మాత్రం కూర్చున్నచోటనే ఉంటుంది. రోజూ ఆమె పక్కనుంచే పోతున్నా మనం గమనించం. కదిలే లోకం మధ్య కదలని మనిషిని ఈ ప్రయోగం చూపిస్తుంది.

ఆమెను దగ్గరగా తీయాలనిపిస్తుంది, కాదూ? ముందు అడగండి. "వద్దు నాయనా" అంటే ఫోను జేబులో పెట్టేయండి. మనిషి మొహం ఆ మనిషిదే గాని, ఫోను ఉన్నవాడిది కాదు. సరేనంటే, తీసినది మొదట ఆమెకే చూపించండి.

ఇంకొక మాట. రైలుపట్టాల దగ్గర చిత్రాలు తీయవద్దు. రైల్లో వెళుతూ కిటికీలోంచి చెయ్యి బయటికి చాచవద్దు. ఎంత మంచి సినిమా అయినా ప్రాణంకన్న గొప్పది కాదు.

మీ చిత్రం ఇంట్లో అందరికీ చూపించండి. "అరే, ఈ అవ్వ రోజూ ఇక్కడే ఉంటుందా!" అని ఎవరైనా అంటే, మీ ప్రయోగం ఫలించినట్టే.